అర్థమైందా అమ్మా

ఆగండి. ఒక్క నిమిషం చేస్తున్న పని పక్కన పెట్టి చెవి ఇటు పెట్టండి.

వినిపిస్తోందా? పాతికేళ్ల కుర్రాడి గొంతు. కాస్త బొంగురు. మాట చివర్లో నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. "అమ్మా, నిన్నెందుకు పట్టుకున్నరో తెలుసుకునే హక్కు నీకుంది" అంటున్నాడు. వాడి పేరు లోహిత్. వాడు చనిపోయి చాలా ఏళ్లయింది.

ఇది 2079. హైదరాబాద్ పశ్చిమ శివార్లలో ఒక ట్రాఫిక్ పోలీస్ స్టేషన్. బయట రోడ్డు మీద కార్లు వాటంతట అవే పోతున్నాయి, ఒకదాన్నొకటి తాకకుండా, హారన్ అన్న మాట లేకుండా. అయినా మనిషికి స్టీరింగ్ పట్టుకోవాలన్న దురద పోలేదు. అలాంటివాళ్ల కోసం చేతి డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తున్నారు. లైసెన్స్ ఉన్నచోట సీసా కూడా ఉంటుంది కదా. డ్రంక్ డ్రైవింగ్ మాత్రం పోలేదు.

పోలీసులకు అసలు తలనొప్పి పట్టుకోవడం దగ్గర లేదు, పట్టుకున్నాక చెప్పడం దగ్గర ఉంది. నిన్ను ఫలానా కారణానికి అరెస్టు చేశాం, వకీలును పిలిపించుకోవచ్చు, ఇంట్లోవాళ్లకు కబురు చేయించుకోవచ్చు, నీ మీదికి నేరం తెచ్చే మాట చెప్పమని నిన్ను ఎవరూ బలవంతం చేయకూడదు అని చెప్పాలి. కానీ తాగి ఊగుతున్నవాడికి ఏం ఎక్కుతుంది? మర్నాడు కోర్టులో "నాకెవరూ చెప్పలేదు" అంటాడు. నిజంగానే వాడికి గుర్తుండదు. కేసులన్నీ అలా గాల్లో కలిసిపోతున్న రోజుల్లో డాక్టర్ మంజీర తన యంత్రంతో వచ్చింది. పేరు హక్కుగొంతు.

చూడ్డానికి చింతగింజంత ఉంటుంది. అరెస్టయిన మనిషి చెవి వెనక అంటిస్తారు. అది నాడీపఠనం, అంటే న్యూరల్ స్కాన్ చేసి, ఆ మనిషి ఎంత మత్తులో ఉన్నా ఎవరి మాట వింటాడో వెతుకుతుంది. ఆ గొంతును జ్ఞాపకాల్లోంచి తీసి మళ్లీ తయారు చేస్తుంది. బల్లమీది స్పీకర్‌లోంచి ఆ గొంతే హక్కులన్నీ చెప్పి, చివర్న "అర్థమైందా?" అని అడుగుతుంది. కాలేదంటే ఇంకాస్త సులువుగా, వాళ్ల బతుకులోంచే ఒక ఉదాహరణ తీసి మళ్లీ చెబుతుంది. "అర్థమైంది" అన్న మాట మనిషి నోటి నుంచి తనంతట తాను వచ్చేదాకా ఆగదు. అప్పటిదాకా పోలీసులు వాంగ్మూలం తీసుకోకూడదు, బెయిలు కాగితం కదలకూడదు. ఈ నిబంధన రాసింది కూడా మంజీరే. రాసినప్పుడు చాలా గర్వపడింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె పప్పన్నం కలుపుకుంటుండగా ఎస్సై జోయెల్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ మిషిన్ ఆగుతలేదు. పొద్దుగాల మొదలైంది, ఇంకా చెప్తనే ఉంది."

"పాడైందా?"

"మిషిన్ మంచిగనే ఉంది. ఆమెనే అర్థమైందంటలేదు. మీరొస్తే నయం."

మంజీర చెయ్యి కడుక్కుని బయల్దేరింది.

స్టేషన్లో కిటికీ పక్క కుర్చీలో అరవై దాటిన మనిషి కూర్చుని ఉంది. పేరు హారిక. చక్కగా ఇస్త్రీ చేసిన కాటన్ చీర, వెనక్కి దువ్విన తెల్లజుట్టు. దగ్గరికెళితే బీరు వాసన. స్పీకర్‌లోంచి వస్తున్న గొంతు వింటూ, రేడియోలో ఇష్టమైన పాట వస్తున్నట్టు కళ్లు మూసుకుని తలాడిస్తోంది.

జోయెల్ మంజీరను గుమ్మం అవతలికి తీసుకెళ్లాడు. అతనికి రిటైర్మెంట్ దగ్గరపడింది. మీసం మొత్తం నెరిసింది.

"తాగే మనిషి కాదు మేడమ్. మొహం చూస్తే తెలుస్తలేదా, కషాయం తాగినట్టు తాగింది. మా గేటు ముంగటికే కారు తెచ్చి, నాలుగు గజాలు చేత్తోని నడిపి, హారన్ కొట్టి మరీ పిలిచింది. పోయిన నెల కూడా ఇంతే."

"పోయిన నెల కూడానా?"

"అప్పుడు భయపడి తొందరగ అర్థమైందనేసింది. గొంతు బందయింది. ఇగ చూడాలె ఆమె ఏడుపు. ఈసారి తయారయి వచ్చింది."

"ఎవరి గొంతది?"

"కొడుకుది. తొవ్వల యాక్సిడెంట్ల పోయిండు."

ఆ గొంతు ఎంపిక చేసే సూత్రం రాస్తున్నప్పుడు మంజీర భార్యల్ని, అన్నల్ని, బడిలో పాఠం చెప్పిన సార్లని ఊహించుకుంది. చనిపోయినవాళ్లు గుర్తుకే రాలేదు.

"ఇట్లాంటివాళ్లు ఇంకా ఉన్నారా?"

"అన్ని స్టేషన్లల్ల ఉన్నరు మేడమ్. పోయినోళ్ల గొంతు ఇననీకి కావాలని తాగి నడిపేటోళ్లు. ఇయ్యాల ఈమె నాలుగు గజాలు నడిపింది. రేపు ఇంకొకరు నాలుగు కిలోమీటర్లు నడిపితే?"

మంజీర జేబులో ఆపుడు మీట ఉంది. యంత్రం పాడైతే వాడడానికి ఆమె బృందానికి మాత్రమే ఇచ్చింది. అది నొక్కితే గొంతు ఆగడమే కాదు, ఆ మనిషి గొంతుపటం, అంటే వాయిస్ మోడల్, అప్పటిదాకా నడిచిన రికార్డు అంతా చెరిగిపోతాయి. ఆ మనిషి నాడీ గుర్తుకు ఇక ఏ స్టేషన్లోనూ యంత్రం పలకదు. హారికకు లోహిత్ మళ్లీ ఎప్పటికీ వినిపించడు.

ఆమె లోపలికి వెళ్లి హారిక ఎదురుగా కూర్చుంది.

"ఆంటీ, ఇది మీ అబ్బాయి కాదు. మీ జ్ఞాపకాలే అలా మాట్లాడుతున్నాయి."

"తెలుసు తల్లీ. నేను సైన్స్ టీచర్‌నే." హారిక కళ్లు తెరవలేదు. "నువ్వేనా దీన్ని చేసింది? మంచి పని చేసినవ్. కొంచెం సైలెంట్‌గ ఉండు, వాడు చెప్తుండు."

"నువ్వు ఎవరికైనా కబురు చేయించుకోవచ్చమ్మా," అంది లోహిత్ గొంతు. "నీ వాళ్లెవరో చెప్పు, పోలీసోళ్లు ఫోన్ చేస్తరు. ఎవరికి చేయమంటవ్?"

"నీకే," అంది హారిక.

స్పీకర్ ఒక క్షణం ఆగింది. అలాంటి జవాబుకు మంజీర ఏ దారీ రాయలేదు.

"రక్త పరీక్ష గురించి చెప్తనమ్మా," అంది గొంతు మళ్లీ. "ఊదుడు మిషిన్ చెప్పింది తప్పనిపిస్తే సర్కారు డాక్టరు దగ్గర ఇంకోసారి చూపించమని అడగొచ్చు. చిన్నప్పుడు నాకు జ్వరం లేదని థర్మామీటర్ చెప్తే నమ్మకుండ నువ్వు పక్కింటోళ్లది తెచ్చి మళ్లీ చూసినవ్ గుర్తుందా? గట్ల. అర్థమైందా?"

హారిక నవ్వింది. "థర్మామీటర్ ముచ్చట నేనే మర్చిపోయిన. కాలేదు బిడ్డా. ఇంకోటి చెప్పు."

అప్పుడు అర్థమైంది మంజీరకు. కాలేదన్న ప్రతిసారీ ఒక కొత్త జ్ఞాపకం. ఆమె హక్కులు వినడం లేదు. కొడుకును తవ్వుకుంటోంది.

"ఆంటీ, అది పైపైన ఉన్న జ్ఞాపకాలు అయిపోతే లోపలికి పోతుంది," అంది మంజీర. "ఇక చాలు. అర్థమైందని ఒక్క మాట అనండి. జోయెల్ గారు సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు."

"ఇంట్ల ఎవరున్నరు తల్లీ? నోరు మూసుకునే హక్కు గురించి ఇంకోసారి చెప్పమను. అది ఇందాక సగం సగం చెప్పిండు."

గొంతు అందుకుంది. అదే బొంగురు, అదే నవ్వు ఆపుకోవడం.

"నీ మీదికి వచ్చే మాట నువ్వు చెప్పనక్కర్లేదమ్మా. ఎవరూ బలవంతం చేయొద్దు. ఇది నీకు బాగనే తెలుసు. ఆ రోజు నేను ఫుల్లుగ తాగొచ్చిన. తూలుతున్న. బండి తాళం అడిగితే వద్దన్నవ్. నేను అలిగిన. నేను అలిగితే నువ్వు తట్టుకోలేవు, ఇచ్చేసినవ్. నా బండి పోయి ఒక సైకిలాయనకు గుద్దింది, నేను పోయిన. తర్వాత పోలీసులొచ్చి, నీ కొడుకు తాగిండా అని అడిగిన్రు. నువ్వు నోరు విప్పలే. సైకిలాయనే అడ్డమొచ్చిండని రాసుకుని పోయిన్రు. చూడు, అదే మౌనంగ ఉండే హక్కు. అర్థమైందా అమ్మా?"



గుమ్మం దగ్గర జోయెల్ గోడకు చెయ్యి ఆనించాడు. "ఆ రోజు పంచనామాకు నేనే పోయిన మేడమ్," అన్నాడు మెల్లగా. "అప్పుడు కానిస్టేబుల్‌ని. ఆ సైకిలాయన కూడా అక్కడికక్కడనే పోయిండు. ఆయన బిడ్డ ఇప్పటికీ స్టేషన్‌కొస్తది. మా నాయన రోడ్డుకు అడ్డం పడే మనిషి కాదు సార్ అంటది. నేను ఏం చెప్పాలె?"

నోరు మూసుకునే హక్కును కాపాడడానికి మంజీర ఈ యంత్రం చేసింది. ఆ హక్కును వివరించబోయి అది హారిక అన్నేళ్లు మూసుకున్న నోటినే తెరిచింది. యంత్రానికి కుట్ర తెలీదు. మంచి ఉదాహరణ కోసం వెతికింది, అంతే. అక్కడ మాట్లాడుతున్న లోహిత్‌లో హారిక మనసులో లేనిది ఒక్క ముక్క కూడా లేదు. ఆ మాటలు ఆమె రోజూ తనకు తాను వాడి గొంతులోనే చెప్పుకుంటూ ఉండి ఉండాలి.

హారిక "అర్థమైంది" అంటే రికార్డు మూసుకుని కోర్టుకు పోతుంది. ఆ సైకిలాయన కూతురికి జవాబు దొరుకుతుంది, ఒక తల్లి చెప్పకూడదనుకున్న మాటతో, ఆమె హక్కును కాలరాసి. మంజీర మీట నొక్కితే ఆ మాట చెరిగిపోతుంది, దాంతోపాటు కొడుకూ. నొక్కకపోతే యంత్రం ఇంకా లోపలికి వెళుతుంది.

"ఆంటీ," అంది మంజీర. "విన్నారా?"

హారిక కళ్లు తెరిచింది. మొహంలో రక్తం లేదు. కానీ ఆమె చూస్తున్నది మంజీర వైపు కాదు, స్పీకర్ వైపు. తిట్టినా సరే పిల్లాడు ఇంటికొచ్చాడు చాలనుకునే అమ్మ చూసే చూపు అది.

"నేను విన్న మేడమ్," అన్నాడు జోయెల్. "ఇననట్టు ఉండలేను. కానీ రికార్డు లేకుంటే నా మాట ఎవరూ పట్టించుకోరు. మీ ఇష్టం."

మంజీర జేబులోంచి మీట తీసింది. బొటనవేలు దాని మీద పెట్టింది. హారిక అది చూసింది, అదేమిటో ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని రెండు చేతులతో స్పీకర్‌ను దగ్గరికి తీసుకుంది.

"అర్థం కాలేదు బిడ్డా," అంది. "మళ్లీ చెప్పు."

లోహిత్ గొంతు ఊపిరి తీసుకుంది, కొత్తగా మొదలుపెట్టడానికి.

ఆ మీట మీ చేతిలో ఉంటే మీరేం చేసేవారు?