తాళం వేసిన ఇంట్లోంచి ఒక ప్రశ్న

సీతాఫల్‌మండిలో ఆ పెంకుటింటికి చెడ్డపేరు తెచ్చింది ఒక దెయ్యం. దాన్ని పెంచి పెద్దచేసింది వీరయ్య. మొదట్లో మనిషెత్తే ఉండేదట. నేను ఆ బస్తీ బడికి టీచరుగా వచ్చేనాటికి తాటిచెట్టెత్తు అయింది.

"మొన్న పెంకుల దాకే అంటివి గదనే?" అని వినేవాళ్ళలో భద్రయ్య అంటే, "మొన్నటి సంది పెరగదారా?" అనేవాడు వీరయ్య.

వీరయ్య కథ ఇది. నలభై ఎనిమిదిలో, పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన వారానికి, అర్ధరాత్రి, పాపం, ఏదో పని మీద అటు పోతున్నాడు. ఇంటికి బయట తాళం. లోపల చీకటి. తలుపు దగ్గరికి పోయాడో లేదో—

"వీరయ్యా... ఒక్కనివే వచ్చినవా?"

ఆడగొంతు! వేసిన తాళం వేసినట్టే ఉంది...

"నా పేరు దానికెట్ల తెల్సు, చెప్పుండ్రి? ఒక్కన్నే అంటే మింగుతుండె!"

విన్నవాళ్ళకు చెమటలు. పిల్లలకు ముప్పై ఏళ్ళు నేర్పాను: కథలో దెయ్యాన్ని కాదు, చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెప్తున్నాడో చూడండి. ఏం చెప్పాడో సరే, ఏం దాచాడు?

వీరయ్య దాచింది— చేతిలో గడ్డపార, భుజాన గోనెసంచి. ఆ "ఏదో పని" అదీ.

ఇప్పుడు అదే కథ తలుపు లోపలి నుంచి. లోపల రసూల్ బీ, ఎనిమిదేళ్ళ కూతురు. భర్త బీదరు నుంచి తిరిగి రాలేదు. పక్కింటి శారదమ్మే బయట తాళం వేసి, వెనక కిటికీలోంచి రొట్టెలు అందించేది. ఖాళీ ఇల్లనుకుంటే ఎవరూ రారని ఆమె నమ్మకం. ఖాళీ ఇంట్లోనే కొందరికి పని ఉంటుందని పాపం ఆమెకు తట్టలేదు. తాళం విరిగితే, లోపల ఎవరున్నారో తెల్లారేసరికి బస్తీ అంతా తెలుస్తుంది. ఆ రోజుల్లో తెలిస్తే... ఇక చెప్పను.

గడ్డపార తాళానికి తగిలింది. రసూల్ బీ తలుపు సందులోంచి చూసింది. రోజూ "బీబమ్మా, గిన్నె వట్టుండ్రి" అని పాలు పోసే వీరయ్యే! వెనక ఇంకెందరున్నారో... ఆ సందులోంచే అడిగింది—

"వీరయ్యా... ఒక్కనివే వచ్చినవా?"

అంతే. ఆ వీరుడు మోండా మార్కెట్ దాకా ఆగలేదు. తర్వాత ఆ వాకిట్లోకి పిట్ట సుత రాలేదు. పదో రోజు తల్లీబిడ్డలు క్షేమంగా బొల్లారంలో మేనమామ ఇంటికి చేరారు. వీరయ్య పుణ్యమే, కాదనను.

ఆయన ఎంత వణికాడో బస్తీ అంతటికీ తెలుసు. లోపలి వణుకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట అడిగేటప్పుడు రసూల్ బీ అరచెయ్యి బిడ్డ నోరు మూసి ఉంది— ఏడుపు బయటికి రాకుండా.

ఆ చెయ్యి ఎంత వణికిందో, నా పెదాలకు ఇప్పటికీ తెలుసు.