మూడు తీగలు కోసిందెవరు

కారు బానెట్ ఎత్తి ఆమె లోపలికి తొంగిచూసింది: ఇంజను అడుగున మూడు తీగలు ఎవరో కోసేశారు.

ఎలుక పని కాదు. ఎలుక కొరికితే పీచులు పీచులుగా ఉంటుంది. ఇది ఎవరో తీరిగ్గా కూర్చుని, మంచి పదునున్న పనిముట్టుతో కోసిన కోత.

ఆమె ఫిజియోథెరపిస్టు. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో కొత్త ఉద్యోగంలో చేరాలి. సామానంతా డిక్కీలో సర్దేసి, పెట్రోలు పోయించుకొద్దామని తాళం తిప్పింది. ఇంజను గురగురమని తిరిగిందే తప్ప స్టార్ట్ కాలేదు.

ముందు ఫోన్ తీసి ఫొటో కొట్టింది. పోలీసులకి పనికొస్తుంది. తర్వాత తలెత్తి చూసింది.

మేడ మెట్లు దిగుతున్నాడు ఒక మనిషి. చేతిలో కటింగ్ ప్లయర్.

"కదలకండి" అంది.

అతను ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. ఒక కాలు మెట్టు మీద, రెండోది గాల్లో.

"దించొచ్చా మేడమ్? నరం పట్టేస్తే మీరే సరిచెయ్యాలి."

అతను మేడ మీద గదిలో అద్దెకుంటాడు. లిఫ్టులు బాగుచెయ్యడం అతని పని. అందుకని ఆమె 'లిఫ్ట్ గారూ' అంటుంది. ఇల్లు చేరిన రోజు నుంచీ ఇద్దరికీ పడదు. అతని బండి ఆమె కారుకి అడ్డం, ఆమె హారను అతని నిద్రకి అడ్డం. పడదని ఇద్దరూ ఊరంతా చెప్పుకుంటారు. కానీ హారను మోగని రోజున అతనే కిందికి దిగి, ఒంట్లో బాగుందా అని అడిగి పోతాడు.

"చేతిలో ఏంటది?"

"ప్లయర్."

"అదే, ఎందుకని?"

"నేనే రమ్మన్నానమ్మా" అంటూ లోపల్నుంచి నాన్న వచ్చాడు. బస్సు డిపోలో వైరింగ్ చేసి రిటైరైన మనిషి. ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పోర్టికోలో కూర్చున్నాడు. "ఇంజను ఏడుపు వంటింటిదాకా వినిపించింది. సన్నటి తీగలు నాకింకా ఆనట్లేదుగా. అందుకే ఫోన్ చేశా."

"నాన్నా, ఎవరో తీగలు కోసేశారు. గేరుబాక్సు పక్కన, మూడు."

"సెన్సర్ తీగలు. ఇంజను తిరుగుతోందని కారు కంప్యూటరుకి చెప్పేది అదే. దాని నోరు నొక్కేస్తే బండి కదలదు." నాన్న కుర్చీలో సర్దుకున్నాడు. "ఎలాగూ ఆ సెన్సర్ మార్చమని వారం నుంచి మొత్తుకుంటున్నా. వేడెక్కితే ఇంజను ఆగిపోతోంది, చల్లారితే మళ్ళీ నడుస్తోంది. కొత్త సెన్సరు, కొత్త కనెక్టరు తెచ్చి అలమరలో పెట్టా. విన్నావా?"

"అక్కడికెళ్ళాక మార్పించుకుంటానన్నాగా."

"అక్కడిదాకా వెళితే కదా."

"ముందు కోసిందెవరో తేలాలి. నేను కంప్లయింట్ ఇస్తా."

"ఇద్దువుగాని. ముందు బాగుచెయ్యనీ."

లిఫ్ట్ గారు మేడ మీంచి పనిముట్ల సంచి తెచ్చుకుని, బ్యాటరీ తీగ ఊడదీసి, అట్టముక్క పరిచి, కారు కిందికి దూరాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. పోర్టికో రేకుల మీద చినుకులు టపటపమంటున్నాయి. ఆమె టార్చి పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చుంది.

"లైటు బోల్టు మీద వెయ్యండి మేడమ్. నా మొహం మీద కాదు."

"మొహం చూస్తే నేరస్థుడెవరో తెలిసిపోతుందట."

"ఏం తెలిసింది?"

"గడ్డం గీసుకోలేదని."

ఒకే ఒక్క బోల్టు. అది వదులయ్యాక పాత సెన్సరు మొండికేసి, అటూ ఇటూ తిప్పితే చివరికి ఊడింది. కొత్తదాని రబ్బరు రింగుకి కాస్త ఇంజనాయిల్ రాసి మెల్లగా లోపలికి నొక్కాడు. బోల్టు బిగించాడు. ఇక మిగిలింది కనెక్టరు. పాతది తీగలు తెగి వేలాడుతోంది. కొత్తదాన్ని దాని తీగలతో సహా ఇక్కడ అతకాలి.

తెగిన కొసల్ని వెలుతురులోకి లాగి చూసి, అతను ఆగిపోయాడు.

మెడ తిప్పి కుర్చీ వైపు చూశాడు. నల్ల కళ్ళద్దాలు ఏమీ చెప్పలేదు. గబగబా మూడు కొసలూ కత్తిరించి, ఆ ముక్కల్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అవి జేబులో ఎందుకు?" అంది ఆమె.

"చెత్త కింద పడెయ్యడం నాకు అలవాటు లేదు."

"మీ గది చూశాను నేను."

"బాబూ" నాన్న అందుకున్నాడు, "మూడూ ఒకేచోట అతకొద్దు. ఒకటి పొడుగు, ఒకటి మధ్యస్థం, ఒకటి పొట్టి. మెట్లు మెట్లుగా కొయ్యాలి. లేకపోతే అతుకులు ఒకదానికొకటి తగులుకుని..."

లిఫ్ట్ గారికి పెద్ద దగ్గు వచ్చింది.

"తగులుకుని కాలిపోతాయి" అని నాన్న పూర్తిచేశాడు. "డిపోలో నా కింద పనిచేసిన వాళ్ళందరికీ మొదట నేర్పింది ఇదే."

దగ్గు ఇంకా పెద్దదైంది.

"మంచినీళ్ళు తేనా?" అంది ఆమె అనుమానంగా.

"వద్దండీ. అంకుల్ కాసేపు మాట్లాడకుండా ఉంటే తగ్గిపోతుంది."

సోల్డరింగ్ మొదలైంది. సన్నటి పొగ లేచింది. ఆమె టార్చిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, వాన వైపు చూస్తూ అంది: "రేపట్నుంచి మీ బండి ఎక్కడైనా అడ్డం పెట్టుకోవచ్చు. అడిగేవాళ్ళుండరు."

"అవునండీ."

"హాయిగా పడుకోవచ్చు."

"అవునండీ."

"అవునండీ తప్ప ఇంకో మాట రాదా మీకు?"

"బాబూ" కుర్చీలోంచి గొంతు వచ్చింది, "స్లీవు ఏదీ?"

అతుకు మీద కప్పే ప్లాస్టిక్ గొట్టం. దాన్ని ముందే తీగకి ఎక్కించి, ఆ తర్వాతే అతకాలి. అతను అతికేశాడు. స్లీవు మాత్రం అతని పెదాల మధ్యే ఉండిపోయింది.

"లిఫ్టులు కూడా ఇలాగే చేస్తారా?" అంది ఆమె. "తలుపులు మర్చిపోయి?"

అతను అతుకు విప్పాడు. స్లీవు ఎక్కించి మళ్ళీ అతికాడు. చెవులు ఎర్రబడ్డాయి. మిగిలిన రెండూ పూర్తిచేసి, స్లీవులకి వేడి చూపించి, టేపు చుట్టి, కనెక్టరు నొక్కాడు. టక్‌మంది. బ్యాటరీ తీగ తగిలించి వచ్చాడు.

ఆమె తాళం తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

నాన్న చప్పట్లు కొట్టాడు. ఆమె కొట్టలేదు. ఇంజను ఆపి, సీట్లోనే కూర్చుని, ఫోన్లో ఇందాకటి ఫొటో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దిగి నేరుగా అతని ముందు నిలబడింది.

"ఇది చూడండి. ఒకటి పొడుగు, ఒకటి మధ్యస్థం, ఒకటి పొట్టి. నాశనం చెయ్యాలనుకున్నవాడు ఇలా కొయ్యడు. మళ్ళీ అతకాలనుకున్నవాడే కోస్తాడు. ఆ ముక్కలు మీ జేబులో దాచారు. నాన్న నోరు తెరిస్తే దగ్గారు. నాన్నకి తీగలు ఆనవు, ఈ ఇంట్లో ఇప్పుడు పనిముట్లు పట్టేది మీరొక్కరే."

అతను కుర్చీ వైపు చూశాడు. తర్వాత వాన వైపు. తర్వాత ఆమె వైపు.

"నేనే కోశాను" అన్నాడు.

"ఎందుకు?"

అతను ప్లయర్ నేల మీద పెట్టాడు.

"మీరు వెళ్ళకూడదని."

టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆపాలని ఆమెకి తోచలేదు.

"హారను నన్ను లేపుతుందని తిట్టుకుంటాను కదా" అన్నాడు అతను. "నాకు అంతకుముందే మెలకువ వస్తుంది. మీరు ఎప్పుడు కొడతారా అని పడుకుని వింటుంటాను. బండి కూడా కావాలనే అడ్డం పెడతాను. రేపట్నుంచి ఎవరికి అడ్డం పెట్టుకోవాలి?"

"ఈ మాట చెప్పడానికి నోరుంటే చాలదా? ప్లయర్ కావాలా?"

"చెబితే మీరు ఉద్యోగం మానేస్తారేమోనని భయం. చెప్పకపోతే వెళ్ళిపోతారని భయం."

"మానను" అంది ఆమె. "ఆ ఉద్యోగం కోసం ఎంత కష్టపడ్డానో మీకేం తెలుసు. కానీ ఆ ఊళ్ళో కూడా మేడలున్నాయి, మేడలకి లిఫ్టులున్నాయి. రమ్మని పిలిచేదాన్ని. నిన్నటిదాకా ఎదురుచూశాను." ఆమె టార్చి ఆపేసింది. "కానీ దొంగచాటుగా నా కారు తీగలు కోసే మనిషిని ఎలా నమ్మమంటారు? ఇవాళ తీగలు కోశారు. రేపు నేనింకెక్కడికైనా వెళ్తానంటే ఇంకేం కోస్తారు?"

అతను పనిముట్లన్నీ సంచిలో వేసుకుని మేడ మెట్ల వైపు నడిచాడు. ఆమె తలుపు వైపు తిరిగింది.

ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. నాన్న లేచి నిలబడి, నల్ల కళ్ళద్దాలు తీసేశాడు.

"ఇద్దరూ ఆగండి. అమ్మాయ్, కోసింది నేను. పొద్దున్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, డిపో నాటి నా పాత కత్తెరతో. ఆ సెన్సరుతోనే బయల్దేరితే రేపు లారీల మధ్య ఆగిపోతావు. చెబితే వినవు. కనెక్టరు ఊడదీసి ఊరుకుంటే మళ్ళీ తగిలించుకుని పోతావు. దాని లాకు ఎలాగూ విరిగింది, మార్చాల్సిందేనని కోసేశా. కంటికి ఆనకపోయినా చెయ్యి దాని అలవాటు అది మానలేదు. వంకరగా కొయ్యడం నాకు చేతకాలేదు. ఈ అబ్బాయి చూడగానే పట్టేశాడు. నన్ను కాపాడదామని నేరం తన నెత్తిన వేసుకున్నాడు. ఎంతదూరం మోస్తాడో చూద్దామని నేనూ నోరుమూసుకున్నా, అది నా రెండో తప్పు. నేను కోసింది నువ్వు క్షేమంగా వెళ్ళాలని తల్లీ. నువ్వు వెళ్ళకూడదని అన్నాడు చూశావూ, ఆ కారణం నాది కాదు. నేను చెప్పమన్నదీ కాదు. నేరం నాదే గానీ, ఆ కారణం మాత్రం అచ్చంగా అతనిదే."