మెట్ల పిన్నికి అమ్మ వేషం

ఆ వీధి చివరి మేడలోకి పన్నెండేళ్ళుగా ఎవరూ అద్దెకి దిగలేదు. రాత్రి ఎనిమిది దాటితే ఆటోవాళ్ళు దాని ముందు నుంచి పోరు, చుట్టూ తిరిగి పోతారు. పక్కింటివాళ్ళయితే అటువైపు కిటికీలు తెరుచుకోకుండా మేకులే కొట్టేశారు.

అందరికీ తెలిసినంతలో ఆ ఇంట్లో ఎవరూ ఉరేసుకోలేదు, ఎవరూ కాలిపోలేదు. జరిగిందల్లా ఒక్కటే — ఇరవై రెండు రోజులు అక్కడ ఒక దెయ్యం సినిమా తీశారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఇంటికి మాత్రం చెడ్డపేరు మిగిలింది.

ఇంటితోపాటు ఒక మనిషికీ మిగిలింది. ఆ సినిమాలో జుట్టు విరబోసుకుని, తల ఒక పక్కకి వాల్చి మెట్ల మీద నిలబడిన ఆవిడ. తెర మీద కనబడింది పదకొండు నిమిషాలు. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు నాటకాల్లో తల్లి, అత్తగారు, మహారాణి... ఎన్ని వేషాలు కట్టిందో! అన్నిటినీ ఆ పదకొండు నిమిషాలు మింగేశాయి. అందరి నోటా ఆవిడ పేరు మెట్ల పిన్ని.

ఆ తర్వాత వచ్చినవన్నీ దెయ్యాలే. బావిలో దెయ్యం, లిఫ్టులో దెయ్యం, ఆఖరికి కుక్కర్ ప్రకటనలో కూడా ఆవిరిలోంచి లేచొచ్చే దెయ్యం. నర్సు వేషం ఇప్పించమంటే ఒక నిర్మాత పగలబడి నవ్వాడు — "మిమ్మల్ని చూస్తే పేషెంటు సెలైన్ పీక్కుని పారిపోతాడండీ!"

సొంత చెల్లెలు కూడా ఫోనులో గొంతు తగ్గించి, "అక్కా, పిల్లలు పడుకున్నాక రా... నిన్ను చూస్తే జడుసుకుంటున్నారు" అంది. ఆ మాటకి ఆవిడ వెళ్ళడమే మానేసింది.

అలాంటి మనిషికి ఒక రోజు ఫోను వచ్చింది. అవతల ఒక అసిస్టెంటు డైరెక్టరు అమ్మాయి. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"అమ్మ వేషం మేడమ్. మామూలు అమ్మ. ఉద్యోగం ఊడి, రాత్రి ఇంటికొచ్చిన కొడుకుని ఓదార్చాలి. రిహార్సల్ చూసి డైరెక్టరుగారు ఖాయం చేస్తారు."

"జుట్టు...?"

"చక్కగా ముడి వేసుకునే రండి."

ఆ ముడి దగ్గరే ఆవిడ పడిపోయింది. ఎక్కడికి రావాలో చెప్పాక తెలిసింది — అదే మేడ. అయినా సరేనంది. ఇదీ పోతే ఇంక ఈ జన్మకి నటన మాట ఎత్తనని తనకి తానే ఒట్టు పెట్టుకుంది.

రాత్రి తొమ్మిదింటికి వెళ్ళేసరికి గేటు దగ్గర ఇంటాయన తాళంచెవితో నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే మొహం చిట్లించాడు.

"మళ్ళీ వచ్చారూ? మీ పుణ్యమా అని నా ఇంట్లో పిల్లి కూడా కాపురం ఉండట్లేదు."

"నా ఇంటికేదో చుట్టాలు బారులు తీరి వస్తున్నట్టు!" అంది ఆవిడ.

ఆయన తాళంచెవి ఆవిడ చేతికివ్వలేదు. గోడ మీద పెట్టి పోయాడు.

అసిస్టెంటు డైరెక్టరు పరుగున వచ్చి, మాటలు రాసిన కాగితం చేతిలో పెట్టి గుసగుసగా చెప్పింది. "కొడుకు వేషం అబ్బాయి హాల్లో కుర్చీలో ఉంటాడు. చిన్న దీపం ఒకటే వెలుగుతుంది. మీరు వెనక నుంచి పైకెళ్ళి, లోపలి మెట్లు దిగి రండి. అతను కాగితంలో ఉన్నట్టే మాట్లాడకపోవచ్చు... మీరే సర్దుకోండి."

"మెట్లు దిగాలా?"

"అమ్మలు కూడా మెట్లు దిగుతారు కదా మేడమ్."

ఆవిడ పైకెళ్ళి చీకట్లో నిలబడింది. దుమ్ము వాసన. బయట ఎవరో గట్టిగా అరిచారు... పరిగెత్తిన చప్పుడు... తర్వాత అంతా సద్దుమణిగింది.

కింద కుర్చీ కిర్రుమంది.

ఓహో, మొదలన్నమాట! పైట సర్దుకుని దిగింది. ఒక్కో మెట్టు... ఒక్కో మెట్టు... దీపం వెలుగు చివర, అటు తిరిగి కూర్చున్న మగమనిషి వీపు కనిపించింది. భుజాలు వాలిపోయి ఉన్నాయి.

"తిన్నావా నాన్నా?"

అతను కాగితం ప్రకారం 'ఆకలి లేదమ్మా' అనాలి. ఆవిడ ఆగింది.

"ఎవరూ పెట్టలేదు..." అంది ఆ గొంతు. చాలా నెమ్మదిగా.

కాగితంలో లేని మాట! అయినా ఎంత నిజంగా అన్నాడో... పనిమంతుడే, అనుకుంది.

"నేను పెడతాగా. ఎంతసేపయింది వచ్చి?"

"చాలా కాలమైంది."

"మరి పిలవలేదేం?"

"పిలిచాను... అందరూ పారిపోయారు."

కాగితం, రిహార్సలు, డైరెక్టరు — అన్నీ మర్చిపోయింది. "నన్ను చూసీ అంతేరా. నా వాళ్ళే పారిపోయారు" అనేసింది. అతని భుజం మీద చెయ్యి వేసింది. మంచుగడ్డ ముట్టుకున్నట్టుంది.

"ఒళ్ళేమిటిరా ఇంత చల్లగా? ఉండు, దుప్పటి తెస్తాను."

చేతి కింద ఆ భుజం వణికింది. ఏడుస్తున్నాడు.

దీపం ఆరిపోయింది.

సీను అయిపోయిందనుకుని ఆవిడ తడుముకుంటూ బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే గేటు బయట ఆపిన షూటింగు వ్యాను దగ్గరికి వెళ్ళింది. పన్నెండేళ్ళలో ఇంత బాగా ఎన్నడూ చెయ్యలేదని ఆవిడకి తెలుసు.

"సార్! ఎలా వచ్చింది?"

డైరెక్టరు చిరాగ్గా చూశాడు. వ్యాను చక్రానికి ఆనుకుని ఒక ఎలక్ట్రీషియన్ వగరుస్తూ కూర్చున్నాడు. డ్రైవరు అతనికి నీళ్ళు పడుతున్నాడు.

"ఏం రావడం! వీణ్ణి ఫ్యాను బాగు చెయ్యాలని పిలిపించాం. హాల్లో కూర్చోబెట్టి, మీరు దిగొస్తే వీడు పెట్టే కేకలు దాచిన కెమెరాలతో తీసి టీవీలో వేద్దామని. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. వీడు ఇంటిని చూడగానే గేటు దగ్గర్నుంచే కాళ్ళకి బుద్ధి చెప్పాడు. మేమంతా వీడి వెనకాలే పరిగెత్తాం!"

ఆవిడ అసిస్టెంటు డైరెక్టరు వైపు తిరిగింది.

"అంటే... అమ్మ వేషం?"

అసిస్టెంటు డైరెక్టరు తల దించుకుంది. డైరెక్టరు మాత్రం నవ్వాడు. "మీరు అమ్మేంటి పిన్నిగారూ? జనం టీవీ కట్టేయరూ! ఇంకొకణ్ణి పిలిపిస్తాను, ఈసారి ఆ ముడి విప్పేయండి."

చెప్పు తీసుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆవిడకి. చెయ్యి చెప్పు దాకా వెళ్ళింది కూడా. అంతలో ఏదో తట్టి ఆగిపోయింది.

"మరి లోపల కుర్చీలో ఉన్న అబ్బాయి... ఎవరు?"

"ఏ అబ్బాయి? మేమందరం ఇక్కడే ఉన్నాం. లోపల పురుగు కూడా లేదు."

డ్రైవరు వ్యాన్లో ఉన్న టీవీ వైపు వేలు చూపించాడు. చీకటి హాలు... మసగ్గా ఖాళీ కుర్చీ. హాల్లో దాచిన మైకు ఇంకా పని చేస్తూనే ఉంది. ముందు గరగరమంది. తర్వాత స్పీకరులోంచి, చాలా నెమ్మదిగా —

"అమ్మా... దుప్పటి తెస్తానన్నావు..."

ఎలక్ట్రీషియన్ కెవ్వుమన్నాడు. అసిస్టెంటు డైరెక్టరు చెప్పులు వదిలేసి వీధిలోకి పరుగు తీసింది. డైరెక్టరు వ్యానెక్కబోయి రెండుసార్లు జారాడు. "పిన్నిగారూ... ఎక్కండి... పోదాం!"

"కేకలు కావాలన్నావుగా. పెట్టుకో" అంది ఆవిడ.

డ్రైవరు సీటు మీద పరిచిన దుప్పటి లాక్కుని, రెండుసార్లు దులిపి, చంకన పెట్టుకుంది. గేటు తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.