నలిగిన పూస

ఎముకల గట్టిదనం కొలిచే గదిలో పనిచేసే ఆయన్ని అందరూ తొందరాయన అనేవారు. ముసలివాళ్ళ నడుంనొప్పంటే ఆయనకి మహా చులకన. పెద్ద మొనగాడు మరి! ఆయన నడుమొక్కటే ఇనుముతో పోతపోశారు కాబోలు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవబోతుంటే ఒక ముసలామె వచ్చి బల్లమీద పడుకుంది. గదిలో ఎప్పటిలాగే స్పిరిట్ వాసన, ఏసీ రొద. వాటితోపాటు తడిమట్టి వాసన సన్నగా తగిలింది.

“నడుము పట్టేస్తోంది నాయనా. మనవరాల్ని ఎత్తుకోవచ్చా, కూడదా? అదొక్కటి చెప్పు చాలు.”

“ముందు కదలకుండా పడుకోండమ్మా. అందరికీ ఇదే గోల.”

మోకాళ్ళకింద స్పాంజి దిమ్మ తోసి, మీట నొక్కాడు. మిషను చెయ్యి గురగురమంటూ ఆమె మీదుగా కదిలింది. తెరమీద వెన్నెముక గీతగీతగా తేలింది. నడుము దగ్గర ఒక పూస అట్టముక్కలా అణిగిపోయి, తెల్లగా మెరుస్తోంది. విరిగి నలిగిన పూస దగ్గరపడి, గట్టిదానిలా కనబడుతుంది. దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలని పనిలో చేరిన కొత్తలోనే నేర్పుతారు. ఈ మహానుభావుడికి తీరికేదీ? అలాగే కలిపేశాడు. గట్టిదనం సగటు భేషుగ్గా వచ్చింది.

“ఉక్కులా ఉంది మీ నడుము. మనవరాలేం ఖర్మ, ఏనుగుపిల్లని ఎత్తుకోండి.”

“పోయినసారీ ఇదే అన్నావు,” ఆమె గుసగుసలాడింది. “ఎత్తుకున్నాను... మెట్లమీద నడుము పటుక్కుమంది... ఇద్దరం పడ్డాం.”

విసుగ్గా అటు తిరిగాడు. బల్ల ఖాళీ.

స్పాంజి దిమ్మ మాత్రం ఇంకా అణిగే ఉంది. ఎవరూ మీట నొక్కలేదు... మిషను మళ్ళీ కదిలింది. తెరమీద ఒక వెన్నెముక... దానికి ఆనుకుని... జానెడు పొడవున ఇంకొకటి.

తలుపు భుజంతో తోసుకుని బయటపడ్డాడు. ఇందాకటి డాబంతా ఏమైపోయిందో!

ముందుగదిలో చీట్లు రాసే అమ్మాయి తలెత్తి, మురిపెంగా నవ్వింది.

“ఎవరి పాప సార్? అయ్యో, అలా ఒంటిచేత్తో పట్టుకోకండి, జారిపోతుంది!”

అప్పుడు చూసుకున్నాడు. ఎడంచెయ్యి మడిచి గుండెకి ఆనించుకుని ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. కానీ బరువుగా ఉంది... చల్లగా ఉంది...

చెయ్యి దించబోయాడు. దిగలేదు.

ఆ బరువు మెల్లగా కదిలి, ఆయన మెడ దగ్గరికి జరిగి, సర్దుకుంది.