ఐస్ ఫ్యాక్టరీ మలుపులో మొహం

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు ఎత్తుగా లేచి, ఉన్నట్టుండి మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకి మంచి పేరు లేదు. అక్కడ వీధిదీపం వెలగదు. బాగుచేయడానికి వచ్చినవాళ్లు కూడా పొద్దు వాలకముందే నిచ్చెన సర్దుకుని వెళ్లిపోతారు.

అక్కడి దెయ్యాన్ని మొదట చూసిన ఘనత నాదే.

చలికాలం, చీకటి పడింది, పైగా మంచు. నడిచి ఇంటికి వస్తున్నాను. ఏదో బండి లైటు కళ్లలో కొట్టింది... కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకుని చూద్దును కదా — నా పక్కనుంచే ఒక మొహం వెళ్తోంది. మొహం ఒక్కటే. మెడ లేదు, ఒళ్లు లేదు. తెల్లగా, గాల్లో తేలుతూ, పళ్ల మధ్య ఏదో మండుతుంటే కిందికి చూసుకుంటూ... ఖళ్లు ఖళ్లుమని దగ్గుతూ వెళ్లిపోయింది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. అప్పట్లో నేను మా అక్కా బావల దగ్గర ఉండేవాణ్ణి. తలుపు తీసింది బావే. నాకంటే కాస్త ముందే ఆఫీసు నుంచి వచ్చినట్టున్నాడు, ఇంకా బూట్లు విప్పలేదు. నేను చెప్పిందంతా విని కుర్చీలో కూలబడ్డాడు.

"నేనూ ఇప్పుడే ఆ దారినే వచ్చానురా... తృటిలో తప్పింది."

ఆ రాత్రి నాకు జ్వరం. బావ మంచం పక్కన కూర్చుని గుసగుసగా అడిగాడు.

"మీసం ఉందా?"

"ఉంది బావా... చీపురంత."

"మీసమున్నవి మహా మొండివిరా" అన్నాడు బావ, తన మీసం నిమురుకుంటూ.

మర్నాడు ఆఫీసంతా చెప్పాడు. నేను చెప్పనివి కూడా చెప్పాడు. కొన్నాళ్లకి ఆ మలుపులో టీకొట్టు సాయంత్రమే కట్టేయడం మొదలుపెట్టారు. నా జ్వరం మాత్రం తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉంది. ఆ సంగతి తెలిసి ఊళ్లో ఉన్న మా అమ్మ రైలెక్కింది.

ఇక్కడినుంచి కథ నేను విన్నది. సగం బావ చెప్పాడు, సగం అమ్మ చెప్పింది. ఇద్దరి మాటా కలవనిచోట నేను అమ్మనే నమ్మాను. ఎందుకంటే ఆ సమయాల్లో బావ కళ్లు మూసుకుని ఉన్నాడు.

బావకి ఒక పాత కారుంది, ఆఫీసుకి వెళ్లిరావడం అందులోనే. వాళ్ల నాన్నది. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నది అందులోనే. ఇప్పటికీ ఆ సీట్లో కూర్చుంటే వీపు వెనక నాన్న ఉన్నట్టే ఉంటుందని ఒకసారి నాతో అన్నాడు. అనేసి, లేచి వెళ్లిపోయాడు.

అక్కకి ఆ కారంటే ఒళ్లు మంట. పొద్దున్న పూట తోస్తేగాని కదలదు. ఎత్తు ఎక్కితే వేడెక్కి ఆగిపోతుంది. వేడి ఎంత ఉందో చూద్దామంటే స్టీరింగ్ ముందున్న మీటర్లలో ఒక్క బల్బూ వెలగదు. అన్నీ ఎప్పుడో మాడిపోయాయి.

"అమ్మని దీంట్లోనే తీసుకురండి. దారిలో ఆగకుండా ఇల్లు చేరిందా, ఉంచుకోండి. ఆగిందో... పొద్దున్నే పాత ఇనప సామాన్ల కొట్టుకి" అని అక్క తేల్చేసింది.

స్టేషన్ నుంచి దారి ఆ మలుపు మీదుగానే. అక్కడ ఎత్తూ ఉంది, దెయ్యమూ ఉంది. దెయ్యం సంగతి ఎలా ఉన్నా ముందు వేడి మీటరు ముల్లు కనపడాలని, బావ బల్బులు మార్చడానికి పూనుకున్నాడు.

కొట్టువాడు చిన్న బల్బులిస్తే, "ఇంకా పెద్ద వెలుగున్నవి లేవా?" అని అడిగాడు. "ఉన్నాయండీ, కానీ మీటర్లకి అంత వెలుగు ఎందుకు?" అన్నాడు కొట్టువాడు. వెలుగు ఎక్కువైతే నష్టమేమిటని బావ వాటినే తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో వీధిలో కారు పెట్టి మీటర్ల పెట్టె బయటికి లాగాడు. వెనకున్న పాత బల్బుల్ని మెలితిప్పి ఒక్కొక్కటే తీశాడు. గాజు నల్లగా మసిబారిపోయి ఉంది. వాటి మీద ఆకుపచ్చ రబ్బరు టోపీలున్నాయి, వెలుగు కళ్లకి చల్లగా ఉండాలని. వాటిని ఊడదీసి కొత్త బల్బులకి తొడిగాడు. అన్నీ వెలిగాయి. ఎండలో చూస్తే ముచ్చటగానే ఉన్నాయట.

తిరిగి బిగించాక ఒక ముక్క మిగిలిపోయింది. మీటర్ల పైన చూరులా ఉండే నల్లటి మూత. ఎటు తిప్పినా కూర్చోలేదు. "ఇది అందానికి పెట్టింది" అని దాన్ని వరండాలో పడేసి స్టేషన్‌కి బయలుదేరాడు.

అమ్మ ముందు సీట్లో కూర్చోబోతుంటే చేతికి చిన్న టార్చి తగిలింది.

"దీని మీద ఈ పళ్లగాట్లేమిటి అల్లుడుగారూ? ఇంట్లో ఎలుకలున్నాయా?"

"లేవండీ. ఇన్నాళ్లూ అదే దిక్కు. ఇప్పుడిక అక్కర్లేదు" అని బావ గర్వంగా మీటర్లు వెలిగించాడు. కారులో ఆకుపచ్చ వెలుగు దుకాణం తెరిచినంత పరుచుకుంది.

ఊళ్లో వీధిదీపాలు ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఎత్తు మొదలైంది. దీపాలు అయిపోయాయి. ఐస్ ఫ్యాక్టరీ గోడ వచ్చింది...

అమ్మకి కునుకు పట్టింది. బావ ముల్లు చూశాడు. పరవాలేదు. తలెత్తి రోడ్డు చూశాడు —

కారు ముందు, గాల్లో, ఒక మొహం. ఆకుపచ్చటి మొహం. మెడ లేదు. గుడ్లురిమి సూటిగా బావనే చూస్తోంది. దాని పక్కనే ఇంకొకటి... నోరు తెరుచుకుని ఉంది.

బావ బ్రేకు తొక్కాడు. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. మొహాలు మాయమయ్యాయి. మళ్లీ తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మళ్లీ వచ్చాయి.

"అత్తయ్యగారూ... ముందుకి చూడకండి."

"ఊఁ?"

"పక్కకీ చూడకండి..."

"మరెటు చూడమంటారు బాబూ?" అని అమ్మ కళ్లు తెరిచి ముందుకే చూసింది. కాసేపు నిదానంగా చూసింది. ఎప్పుడైనా మా అమ్మ తీరు అదే, పాము కనపడినా ముందు దాని పొడవెంతో చూస్తుంది.

"అల్లుడుగారూ, ఒకసారి ముక్కు గోక్కోండి."

"ఇప్పుడా...?"

"గోక్కోండి."

బావ కళ్లు మూసుకునే గోక్కున్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచి చూస్తే, ఎదురుగా ఉన్నదీ అదే పని చేస్తోంది.

"ముందు అద్దంలో పడ్డ మన మొహాలే బాబూ" అంది అమ్మ. "నేను నోరు తెరిచి నిద్రపోతానని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు."

నల్లమూత అందానికి కాదని, మీటర్ల వెలుగు అద్దం మీదికి రాకుండా ఆపడానికని బావకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చెమటలు పట్టాయి. అవి ఆరకముందే టప్‌మని చప్పుడైంది. పెద్ద బల్బుల దెబ్బకి ఫ్యూజు పోయింది. మీటర్లు చీకటి. ముందు లైట్లు మాత్రం వెలుగుతున్నాయి, ఎత్తు ఇంకా సగం ఉంది, ఇంజన్ వేడెక్కుతోంది.

బావకి ఏడుపొక్కటే తక్కువ. "ఆగిపోతే నాన్న కారు పోతుంది అత్తయ్యగారూ" అన్నాడు.

రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. అలవాటైన మనిషి కదా, టార్చి వెలిగించి పళ్లతో కరిచిపట్టి, మీటరు మీదికి తల వంచాడు. కారు ఖళ్లు ఖళ్లుమని దగ్గుతూ ఎక్కసాగింది.

అమ్మ పక్కకి తిరిగి అల్లుడి మొహం చూసింది. చూసి, మిగతా దారంతా ఆ మొహం మీంచి కళ్లు తిప్పలేదట.

గుమ్మంలో అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"దారిలో ఆగిందా అమ్మా?"

బావ తలొంచుకున్నాడు. అమ్మ తాపీగా దిగింది.

"కారు ఆగలేదమ్మా. మీ ఆయన ఆగాడు."

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వరండాలో పడి ఉన్న నల్లమూత తీసి బావ చేతిలో పెట్టింది. "సరే, ఉండనివ్వండి. ముందు ఇది బిగించండి" అంది. బావ ఆ మూతని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో అమ్మ ఎప్పుడూ చూడలేదట.

అమ్మ నేరుగా నా గదిలోకి వచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత గదిలో దీపం ఆర్పేసింది.

"అమ్మా, ఏంటిది..."

"ఉండు. నీ జ్వరానికి మందు తెచ్చాను. అల్లుడుగారూ, ఇలా వచ్చి ఆ టార్చి నోట్లో పెట్టుకోండి."

చీకట్లో అడుగుల చప్పుడు. క్లిక్... గుమ్మంలో తెల్లటి మొహం. మెడ లేదు, ఒళ్లు లేదు. పళ్ల మధ్య మంట... చీపురంత మీసం...

నేను పెట్టిన కేకకి బావ అదిరిపోయాడు. టార్చి నోట్లోంచి జారిపోయింది. చీకట్లో గబగబా వచ్చి నా మంచమెక్కి నన్ను పట్టుకుని, "ఎక్కడరా... ఎక్కడుంది?" అన్నాడు.

అక్క దీపం వేసింది. దుప్పట్లో ఒకరినొకరు కరుచుకున్న మా ఇద్దరినీ చూసింది.

"ఈ మొహం చూసి జ్వరం తెచ్చుకున్నావా? పెళ్లయినప్పటి నుంచీ రోజూ చూస్తున్నాను, నేనేమైనా మంచమెక్కానా?" అంది.