దిబ్బలపాలెం నీళ్లు

ఆ ఉదయం కదిరి కాలనీలో సగం ఇళ్లవాళ్లు చిత్రావతి ఏటి నీళ్లతో స్నానాలు చేశారు. పైడి ఇంట్లో మాత్రం జలకూర్పరి సముద్రాన్ని కలుపుతోంది.

జలకూర్పరి వచ్చాక నీళ్లకు ఊరూ దూరమూ లేకుండా పోయాయి. గోడలో అమర్చిన ఆ యంత్రం ముందు నీటిలో ఉన్నవన్నీ తీసేస్తుంది. తరువాత, అడిగిన చోటి లవణాలను అవే పాళ్లలో కలుపుతుంది. ఎండిపోయిన ఏరైనా, మునిగిపోయిన ఊరి బావైనా సరే. పొద్దున్నే "ఈ రోజు మీకు ఏ నీళ్లు?" అని పలకరించుకోవడం అందరికీ అలవాటైంది.

"దిబ్బలపాలెం సముద్రం" అని పైడి మెల్లగా చెప్పింది. యంత్రంతో మాట్లాడాలన్నా ఆమెకు బెరుకే.

దిబ్బలపాలెం ఇప్పుడు సముద్రం అడుగున ఉంది. ఊరు మునిగిన ఏడాదే వేటకు వెళ్లిన ఆమె తండ్రి గురప్ప తిరిగి రాలేదు. పైడినీ, నానమ్మ మసేనమ్మనూ సర్కారువాళ్లు ఈ రాళ్ల నేలకు చేర్చారు. అప్పటినుంచి మసేనమ్మ ఒకచోట కూర్చోలేదు. వాకిలి నుంచి కిటికీకి, కిటికీ నుంచి వాకిలికి. తలుపు తెరిచి ఉంటే వీధిలోకి, అక్కడినుంచి హైవే మీదికి. గస్తీవాళ్లు రెండుసార్లు వెతికి తీసుకొచ్చారు. మళ్లీ వెళ్తే వృద్ధుల రక్షణాలయానికి పంపుతామని చెప్పి వెళ్లారు.

సముద్రం కళ్లెదుట ఉంటే నానమ్మ ఎక్కడికీ వెళ్లదని పైడి ఆశ. అందుకే బిందెడు నీళ్లు పట్టే, పగడాన్ని పెంచే గాజు తొట్టె తెచ్చింది.

"లవణం పూర్తిగా కరిగేదాకా నీటిని ఒక రోజంతా తిప్పాలి. వేడి నిలకడగా ఉన్నాకే ప్రాణులను వదలాలి" అంది జలకూర్పరి.

అటుగా పోతున్న మసేనమ్మ ఆగింది. "ఏటే, సంద్రాన్ని కూడా సెనగల్లాగ నానబెట్టాలేటి?"

"అంతే మామ్మా. కాసేపు కూర్చో."

"కూర్చుంటే కాళ్లు ఊరుకోవే" అంటూ మళ్లీ వాకిలి వైపు నడిచింది.

వడపోత ఏది పెట్టాలో తేల్చుకోవడం పైడికి కష్టమైంది. తొట్టెలో జీవశిల పెడితే, దాని రంధ్రాల్లోని సూక్ష్మజీవులే మలినాలను తింటాయి. నురుగుతీత మిగిలిన జిడ్డును బుడగలతో పైకి లాగేస్తుంది. ఆ పైన బొగ్గుజల్లెడ కూడా తప్పనిసరని యంత్రం పట్టుబట్టింది.

"బొగ్గు ఏం చేస్తుంది?"

"రంగునూ వాసననూ తీసేస్తుంది."

"అయితే వద్దు."

జీవశిల కుదురుకోవడానికి వారాలు పట్టింది. ఆ తరువాత తొట్టెలో వదిలిన పగడం వేలికొసలంత నోళ్లు తెరిచింది. తడి వలల వాసన, నాచు వాసన ఇల్లంతా నిండాయి.

పక్కింటి ఓబులమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏం పాపా, చేపలెండబెట్టినారా? మీ కంపు మా మిద్దెక్కి కూచునింది!"

పైడి తల వంచుకుని నవ్వింది. లోపల మసేనమ్మ తొట్టె ముందు కూర్చుని ఉంది. నిజంగా కూర్చుని ఉంది.

ఆ ఆనందం మధ్యాహ్నం దాకానే నిలిచింది. పైడి కంచం తెస్తే నానమ్మ పక్కకు తోసింది.

"పడవలు రానేదు కదే. అప్పుడే కూడేటి?"

పైడికి ఊరి ఆచారం గుర్తొచ్చింది. దిబ్బలపాలెంలో మగవాళ్లు వేటకు వెళ్తే, పడవలు కనబడేదాకా ఏ ఆడదీ పొయ్యి వెలిగించేది కాదు, మెతుకు ముట్టేది కాదు. ఇంట్లో అటూ ఇటూ నడిచినన్నాళ్లూ సముద్రం కనబడలేదు కాబట్టి తిన్న మనిషి, ఇప్పుడు దాని ఒడ్డునే కూర్చుని ఎదురుచూస్తోంది.

మర్నాడూ తినలేదు. పెదవులు ఎండాయి. పైడి భయంతో జలకూర్పరిని అడిగింది. "ఏమైనా తప్పుందా?"

"నీటిలో ఏ లోపమూ లేదు" అంది జలకూర్పరి.

పైడి అప్పుడు వద్దని పక్కన పెట్టిన బొగ్గు సంచి తీసింది. తొట్టెలో వేస్తే వాసన పోతుంది, సముద్రం పోతుంది, నానమ్మ తింటుంది. ఆ తరువాత మళ్లీ హైవే, గస్తీవాళ్లు, రక్షణాలయం. సంచి చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఒకచోట నిలబడలేకపోయింది.

చివరికి దాన్ని గట్టు మీద పడేసింది. తొట్టె కోసం కలిపి మిగిల్చిన ఉప్పునీళ్ల బకెట్‌తో వీధిలోకి వెళ్లి, నెత్తిమీద కుమ్మరించుకుంది. ఓబులమ్మ నోరు తెరిచి చూస్తోంది. నలుగురిలో గొంతు పెగలని పైడి, కాలనీ అంతా వినబడేలా అరిచింది.

"ఓలమ్మా, వచ్చీసినాం!"

మసేనమ్మ గభాలున లేచి వచ్చింది. తడిసిన మనవరాలి బుగ్గ తడిమి, వేలిని నాలుకకు రాసుకుంది.

"ఇంతాలీసమేటే? మీ అయ్యేడీ?"

"వల... వల దులుపుతన్నాడు మామ్మా."

ముసలామె పొయ్యి వెలిగించింది. అన్నం వండి, వడ్డించుకుని కంచం ముందు కూర్చుంది. కాని చెయ్యి కదల్లేదు.

"రేపు గాలి బాగోదే గుంటా. ఎల్లొద్దని మీ అయ్యకి గట్టిగా సెప్పు. నాను సెప్తే ఇనడు."

పైడి వాకిలి వైపు తిరిగింది. ఎండలో వీధి ఖాళీగా ఉంది.

"అయ్యా, రేపు ఎల్లకు" అని గట్టిగా పిలిచి చెప్పింది.

వెనక మసేనమ్మ మొదటి ముద్ద కలిపింది.