పాప బుగ్గ మీది మచ్చ

"నన్ను కాపాడండి మేడమ్! పాప మొహం మీద యాసిడ్ పూశానని మా అత్తగారు పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నారు."

డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చినావిడ కూర్చోలేదు. కుర్చీ పట్టుకుని నిలబడింది. పాపకి ఆవిడ సవతి తల్లి. చిన్న ఎర్ర పొక్కుగా మొదలైన మచ్చ నెలల తరబడి పాకి కంటికిందికి చేరిందట. ఏ పూతమందూ పనిచేయలేదట.

ఆవిడ వెళ్ళాక అసిస్టెంటు గొంతు తగ్గించాడు. "ఈ ఏడుపు నమ్మొచ్చంటారా మేడమ్?"

"ఏడుపునెందుకయ్యా, మచ్చనే అడుగుదాం పద," అంది డిటెక్టివ్.

ఆ ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ ఉక్కలో అసిస్టెంటుకి ఒకటే ఆలోచన. తప్పు మనిషిని వెనకేసుకొస్తే పాప గతేమిటి?

పాప నాయనమ్మ ఒళ్ళో ముడుచుకుని ఉంది. బుగ్గ మీద ఇటుకరంగు మచ్చ, ఉబ్బిన అంచులు. డిటెక్టివ్ వేలితో మెల్లగా తాకింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

పాప తల అడ్డంగా ఊపింది.

"ఇదంతా ఆ మహాతల్లి నిర్వాకమే!" అని అరవబోయిన నాయనమ్మకి దగ్గుతెర అడ్డొచ్చింది. నోటికి తువ్వాలు అడ్డుపెట్టుకుంటే చేతి గాజులు మోచేతిదాకా జారాయి.

"సెలవుల్లో పాప ఎక్కడుంది?"

"నాతోనే, మా అమ్మాయి ఇంట్లో. ఈ కోడలి నీడ కూడా పాప మీద పడనివ్వలేదు. నా పక్కలోనే పడుకోబెట్టుకున్నా."

"అప్పుడు మచ్చ తగ్గిందా?"

పెద్దావిడ తడబడింది. "లేదు... ఇంకాస్త పాకింది."

డిటెక్టివ్ పాప తండ్రిని పక్కకి పిలిచింది. "పరీక్షలయ్యేదాకా పోలీసుల మాటెత్తకండి. పాపని చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. అమ్మగారి దగ్గుకి కూడా పరీక్ష చేయించండి."

ఫలితాలొచ్చిన రోజు అందరూ ఆ హాల్లోనే కూర్చున్నారు. డాక్టరమ్మ కూడా వచ్చింది. సవతి తల్లి ఓ మూల ఒదిగి కూర్చుంది.

"యాసిడ్ పడితే ప్రాణం పోయేంత మంట. ఈ మచ్చకి నొప్పే లేదు," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "కాలిన గాయం మానుతుంది గాని నెలల తరబడి పాకదు. పైగా ఈవిడ దగ్గర లేనప్పుడు కూడా పెరిగింది. ఇది ఏ మనిషీ చేసిన పని కాదు."

"చర్మానికొచ్చిన క్షయ," అంది డాక్టరమ్మ. "పిల్లల్లో అరుదు, అందుకే అందరూ పొరబడ్డారు. గాజుపలకతో అదిమి చూస్తే ఎరుపు పోయి తేనెరంగు బయటపడింది, అది ఈ జబ్బు గుర్తు. చర్మం ముక్క తీసి చేసిన పరీక్షలోనూ అదే తేలింది. నెలల తరబడి మాత్రలు మానకుండా వాడితే తగ్గుతుంది. మచ్చ గుర్తు మాత్రం కొంత మిగలొచ్చు."

"ఈ పసిదానికి క్షయ ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు తండ్రి.

డిటెక్టివ్ పెద్దావిడ పక్కకి వెళ్ళి కూర్చుంది.

"మానని దగ్గు, చిక్కిపోయిన ఒళ్ళు, మూసిన గది, ఒకే పక్క. అమ్మగారి కళ్ళెలో కూడా క్షయ క్రిములే కనిపించాయి. తెలిసి చేసింది కాదు. మీకూ మందుంది అమ్మా, తగ్గిపోతుంది."

"నా వల్లా? నా బంగారుతల్లికి... నా వల్లా?"

పాప ఎప్పటిలాగే చేతులు చాచి నాయనమ్మ వైపు నడిచింది. పెద్దావిడ తువ్వాలు నోటికి అదిమిపట్టుకుని గోడదాకా వెనక్కి జరిగింది. ఆ కళ్ళలో భయం చూడలేక అసిస్టెంటు తల దించుకున్నాడు.

"దగ్గరికి రానివ్వకమ్మా," అంది కోడలితో, మొదటిసారి బతిమాలుతూ. "నువ్వెత్తుకో. గట్టిగా పట్టుకో."